ఇసుక బస్తాలు

మా ఇల్లు, మూడో అంతస్తు
ఎండలు ముదిరిన సోమవారం

కత్తెరా,

నీ బావ ఇంకా బతికే ఉన్నాడు. నీకిది పెద్ద శుభవార్త కాదని తెలుసు. అయినా తెలియజేయడం నా బాధ్యత కాబట్టి రాస్తున్నాను.

మెట్లెక్కితే ఆయాసం వస్తోందని మొన్న గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఉద్యోగమంతా లిఫ్టులు తనిఖీ చేసి బతికినవాడికి మెట్లెక్కే ఖర్మేమిటని నవ్వకు. మా భవనం లిఫ్టు తలుపులు మూసుకునే తీరు నాకు నచ్చలేదు. రిటైరైన ఇన్‌స్పెక్టరు చెబితే వినేదెవరు? అందుకే నడుస్తున్నాను.

డాక్టరు నా ఛాతీ మీద ఏవేవో అంటించి, కాగితం మీద గీతలు చూసి, "గుండె బాగానే ఉంది. ఇంట్లో మీతో మాట్లాడేవాళ్ళెవరు?" అని అడిగాడు. "రేడియో" అన్నాను. "అది మాట్లాడితే మీరు వింటారు. మీరు మాట్లాడితే ఎవరు వింటారు?" అన్నాడు. నేను పైకప్పు వైపు చూశాను. ఫ్యాను బోల్టు వదులుగా ఉంది. ఆ మాటే చెప్పాను. ఆయన మందుల చీటీ మీద ఒక్క మందూ రాయకుండా "మనుషులు" అని రాసి నా చేతిలో పెట్టాడు. మందుల షాపువాడికి చూపిస్తే స్టాకు లేదన్నాడు.

అంతకు ముందే వరండాలో కూర్చుని ఒక ఆరోగ్య పత్రిక తిరగేశాను. అందులోనూ ఇదే గోల. దగ్గరి మనుషులు ఉన్నవాళ్ళు సంతోషంగా ఉంటారట, ఎక్కువ కాలం బతుకుతారట. ఒంటరిగా ఉన్నవాళ్ళు తొందరగా మూటాముల్లె సర్దుకుంటారట. అయితే సరే అనుకున్నాను. నాకు ఎక్కువ కాలం బతకాలని ఉంది. పింఛను ఇచ్చేవాళ్ళని అంత తేలిగ్గా వదలదలచుకోలేదు. కాబట్టి ఈ నెల నుంచి దగ్గరి మనుషుల్ని సంపాదించే పని మొదలుపెడుతున్నాను. నేను ఏ పని చేసినా పద్ధతిగా చేస్తానని నీకు తెలుసు.

మీ అక్క ఉన్నప్పుడు ఉత్తరమంతా తనే రాసి, కింద నాకు రెండు లైన్లు వదిలేది. నిన్ను ఏడిపించాలంటే ఆ రెండు లైన్లలోనే ఏడిపించాలి. ఇప్పుడు కాగితమంతా నాదే అయింది. ఇంత జాగా ఏం చేసుకోవాలో తెలియక ఇలా వాగుతున్నాను.

నీ బావ

*

కుట్టు దుకాణం, కిటికీ పక్క బల్ల
శుక్రవారం

బావా,

నీ ఉత్తరం చదివి ఎంత నవ్వానంటే, ఒక పెద్దాయన కోటుకి ఎడమ చెయ్యి కుడి వైపు తగిలించి కుట్టాను. ఆ కుట్లు విప్పిన పాపం నీదే.

దగ్గరి మనుషుల్ని సంపాదిస్తావా? పొద్దున ఎంతమందిని మింగాలి? భోజనానికి ముందా, తరవాతా? పడకపోతే ఎవరికి తిరిగి ఇవ్వాలి? ఆ డాక్టరు పాపం మంచివాడే, కానీ ఆ చీటీ ఎవరి చేతిలో పెడుతున్నాడో చూసుకోలేదు. నీకు మనిషి ఎదురైతే ముందు కనిపించేది అతని చెప్పుల కింద ఉన్న మెట్టు. అది ఊగుతోందా లేదా అని చూసేసరికి మనిషి వెళ్ళిపోతాడు.

నువ్వు మొట్టమొదట మా ఇంటికి భోజనానికి వచ్చిన రోజు నాకింకా గుర్తుంది. పెళ్ళికూతుర్ని పలకరించడం మానేసి మా నాన్నకి పాఠం చెప్పావు. కొత్త లిఫ్టు బిగించాక బరువు పరీక్ష చేస్తారట, మోయాల్సిన దానికన్నా ఎక్కువ బరువు వేసి చూస్తారట, కానీ అందులో మనుషుల్ని ఎక్కించకూడదట, ఇసుక బస్తాలే వేయాలట. తాడు తెగితే పోయేది ఇసుకే కావాలి అని వేలు చూపిస్తూ చెప్పావు. నాన్న ముద్ద చేతిలోనే ఎండిపోయింది. తలుపు వెనకాల నేను నవ్వాపుకోలేక చస్తుంటే, అక్క మాత్రం "పర్వాలేదే, మనుషులంటే జాగ్రత్త ఉంది" అంది. ఆ ఒక్క మాట మీద నిన్ను చేసుకుంది. దాని తెలివి అంతే.

ఇంకో మాట అడుగుతాను, ముఖం మాడ్చుకోకు. దగ్గర మనుషులుంటే ఆయుష్షు పెరుగుతుందని ఆ పత్రికలో రాశారు సరే. మా అక్క అన్నేళ్ళు నీ పక్కన ఉంది. పెరిగింది నీ ఆయుష్షా, దానిదా? ఆ లెక్క ఆ వరండా పత్రికలో లేదు కదా. పోనీలే, అది నీతో సంతోషంగానే ఉంది. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

నా గురించి దిగులు పెట్టుకోకు. నాకు మనుషులు కావలసినంత మంది. లావైనవాళ్ళు వదులు చేయమని వస్తారు, చిక్కినవాళ్ళు బిగించమని వస్తారు. ఎదురుగా టీ కొట్టాయన ఉన్నాడు. ఆయన పొయ్యి పొగంతా నా కోట్లకి పడుతుందని రోజూ పోట్లాట. ఒక రోజు కొట్టు తెరవకపోతే ఏమయిందోనని నేనే వెళ్ళి తలుపు కొట్టాను. పోట్లాడటానికి మనిషి ఉండాలి కదా.

సరే, నీ మనుషుల వేట ఎంతదాకా వచ్చిందో రాస్తూ ఉండు. దుకాణంలో నవ్వుకోవడానికి పనికొస్తుంది.

కత్తెర

*

మూడో అంతస్తు
మొదటి వాన పడిన రోజు

కత్తెరా,

నవ్వుకో. నా పని మాత్రం ముందుకు సాగుతోంది.

ముందు మా భవనంతోనే మొదలుపెట్టాను. రోజూ సాయంత్రం కింద లిఫ్టు దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళందరినీ "బాగున్నారా?" అని అడిగాను. మొదటి రోజు బాగున్నామన్నారు. రెండో రోజు ఎందుకడుగుతున్నారు అన్నారు. మూడో రోజు భవనం కార్యదర్శి వచ్చి, "మీకు ఏమైనా ఇబ్బందిగా ఉందా, మీవాళ్ళ నంబరు ఎవరిదైనా ఇస్తారా?" అన్నాడు. నీ నంబరు ఇచ్చాను. ఫోన్ వస్తే నేను ఎప్పుడూ ఇంతేనని చెప్పు.

తరవాత పార్కులో పొద్దున్నే చేతులు పైకెత్తి నవ్వే గుంపులో చేరాను. ఎందుకు నవ్వుతున్నారని అడిగాను. కారణం అక్కర్లేదన్నారు. కారణం లేకుండా ఏదైనా కదిలితే మా పనిలో దాన్ని వెంటనే ఆపేస్తాం. ఆ మాట చెప్పాను, నవ్వారు. మీరు కూర్చునే బెంచీ కాలు తుప్పు పట్టింది అన్నాను, ఇంకా నవ్వారు. మర్నాడు బెంచీ విరిగింది. అప్పుడు మాత్రం ఒక్కడూ నవ్వలేదు, నేను తప్ప.

మూడోవాడు పళ్ళ డాక్టరు. ఆసుపత్రి మూసేసి, సరిగ్గా నా నెత్తి మీద, నాలుగో అంతస్తులో ఉంటున్నాడు. ఆయన కుర్చీ ఈడ్చే చప్పుడు మీద మా ఇద్దరికీ ఎన్నాళ్ళనుంచి పోరాటమో నీకు రాశాను కదా. తెగించి పైకి వెళ్ళి, "మీతో స్నేహం చేద్దామని వచ్చాను" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "నోరు తెరవండి" అన్నాడు. తెరిచాను. కాసేపు చూసి, "చదరంగం వచ్చా?" అన్నాడు. ఆ రెంటికీ సంబంధమేమిటో నాకిప్పటికీ తెలియదు. ఇప్పుడు వారంలో నాలుగు సాయంత్రాలు ఆడుతున్నాం. నేను కళ్ళజోడు తుడుచుకునేటప్పుడు ఏనుగుని జరుపుతాడు. పట్టుకుంటే, "మీ వెనక పన్ను పుచ్చిపోతోంది" అని మాట మారుస్తాడు.

మొత్తం మీద జనం పోగయ్యారు. రోడ్డు మీద చెయ్యి ఊపేవాళ్ళు, ఆగి వాతావరణం గురించి చెప్పేవాళ్ళు ఉన్నారు. కానీ ఒక అనుమానం పీకుతోంది. చెయ్యి ఊపడం ఎవరైనా ఊపుతారు. అవసరం పడితే వీళ్ళలో నిలిచేదెవరు? అది తెలియకుండా నా ఆయుష్షుని ఎవరి మీద వేలాడదీయను? ఆలోచిస్తున్నాను.

నీ బావ

*

మూడో అంతస్తు, మంచం మీద నుంచి

కత్తెరా,

ఒంట్లో అస్సలు బాగాలేదు. కూర్చోలేకపోతున్నాను. డాక్టరు ఏమీ తేల్చి చెప్పడం లేదు. ఎవరినీ రమ్మని ఇబ్బంది పెట్టదలచుకోలేదు. నిన్నొక్కసారి చూస్తే మాత్రం బాగుండు.

నీ బావ

*

మూడో అంతస్తు
ఆదివారం

మరదలుగారికి,

మీరు ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. నేనూ ఆరోగ్యంగానే ఉన్నాను. మొదటినుంచీ ఆరోగ్యంగానే ఉన్నాను.

పోయినసారి మీకు వచ్చిన ఉత్తరం బరువు పరీక్ష. అలాంటివి చాలామందికి పంపాను, ఒక్కొక్కరికీ ఒక్కొక్క రకంగా. ఎవరు నిలుస్తారో ఊహించుకుంటూ కూర్చోవడం నా పద్ధతి కాదు. బరువు వేసి చూడాలి.

ఫలితాలు చెబుతాను. నవ్వే గుంపు అందరి సంతకాలతో ఒక కార్డు పంపింది. దాని మీద "పండంటి పాపాయికి ఆశీస్సులు" అని ఉంది. ఇంకెవరి కోసమో కొన్నది తొందరలో నాకు పంపారు. రెండో అంతస్తు దంపతులు స్వయంగా వచ్చారు. నా చెయ్యి పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పని చేసి, ఈ ఇల్లు ఖాళీ అయ్యేటట్టుంటే ముందు తమకే చెప్పమన్నారు, వాళ్ళబ్బాయికి పెళ్ళి కుదిరిందట. భవనం కార్యదర్శి తలుపు దగ్గరే నిలబడి, స్ట్రెచరు మా లిఫ్టులో పడుతుందా అని అడిగాడు. పడదు. కొలతలు చెప్పాను.

పళ్ళ డాక్టరు మాత్రం నిలిచాడు. రోజూ వేడి సూపు గిన్నె పట్టుకుని దిగాడు. తనకు పళ్ళు తప్ప ఏమీ తెలియదంటూనే నాడి పట్టుకుని కూర్చున్నాడు. కుర్చీ చప్పుడు నాకు ఇబ్బందని కాళ్ళకి గుడ్డలు చుట్టాడు. నాలుగో రోజుకి నాకే రోగం సంగతి గుర్తులేక, చదరంగం బల్ల బాల్కనీలో వేయించాను. తన సూపే పని చేసిందని ఆయన పొంగిపోయాడు.

ఇక మీ సంగతి. మీ ఉత్తరం రిజిస్టరు పోస్టులో పంపాను. అందినట్టు మీ సంతకంతో కాగితం తిరిగి వచ్చింది. ఆ తరవాత మీ దగ్గర్నుంచి మాట లేదు, ఫోన్ లేదు, ఒక్క లైను లేదు. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి చేరే దూరం. పై ఇంటివాడు సూపు తెచ్చాడు. భార్య చెల్లెలికి కుట్టుపని తెమల్లేదు.

అందరూ పోయినా ఒక్క తాడు ఉంటుందనుకున్నాను. అదే ముందు తెగింది. పర్వాలేదు. తెలిసింది కదా, అదే చాలు. మీ కోట్లు, మీ పంట్లాములు చల్లగా ఉండాలి.

ఇట్లు,
మీ అక్కగారి భర్త

*

కుట్టు దుకాణం
బుధవారం

గౌరవనీయులైన బావగారికి,

మీ పరీక్షా ఫలితాలు అందాయి. సంతోషం. ఒక తప్పు దొర్లింది, సరిదిద్దుకోండి.

మీ రిజిస్టరు ఉత్తరం వచ్చినప్పుడు ఒక పెద్దమనిషి పంట్లాము అంచు మడుస్తున్నాను. ఒక కాలికి గుండుసూదులు గుచ్చి, రెండో కాలు దగ్గరికి వెళ్ళబోతున్నాను. తపాలా ఆయన కాగితం చాపాడు. ముందు చదివి ఆ తరవాత సంతకం చేశాను. ఆ సంతకం వంకరగా ఉందే, చూడలేదా? ఇన్‌స్పెక్టరుగారు కదా.

ఆ పెద్దమనిషిని సూదులతోనే వీధిలోకి పంపి, దుకాణానికి తాళం వేసి, టీ కొట్టాయన చేతిలో తాళంచెవి పడేసి బస్టాండుకి పరిగెత్తాను. మా అక్క పోయిన రోజు కూడా ఇదే బస్సెక్కి, ఇదే దారిలో వచ్చాను. ఆ రోజు నేను చేరేసరికి అంతా అయిపోయింది. అది మీకూ తెలుసు, నాకు తలుపు తీసింది మీరే. ఈసారి ఆలస్యం కాకూడదని సీటు ఖాళీగా ఉన్నా కూర్చోకుండా డ్రైవరు వెనకాలే నిలబడ్డాను. నేను నిలబడితే బస్సు తొందరగా పోతుందన్నట్టు. ఆయన రెండుసార్లు కసిరాడు. పట్టించుకోలేదు.

మధ్యాహ్నానికి మీ వీధిలోకి వచ్చి తల పైకెత్తాను. మూడో అంతస్తు బాల్కనీలో మీరు బనీనుతో కూర్చుని ఉన్నారు. ఎదురుగా ఎవరో పెద్దాయన. మధ్యలో చదరంగం. మీరు తల వెనక్కి వాల్చి, ఉన్న పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నారు. ఆ నవ్వు వీధి చివరిదాకా వినిపిస్తోంది.

బతికే ఉన్నాడు అనుకున్నాను. ఎదురింటి గోడ పట్టుకుని నిలబడి ఏడ్చాను. ఏడుపు అయ్యాక ముక్కు తుడుచుకుని మళ్ళీ చూశాను. మీరు ఒక గుర్రాన్ని చంపి చప్పట్లు కొడుతున్నారు. అప్పుడు అర్థమైంది. మీ మెట్లు ఎక్కలేదు. వచ్చిన బస్సులోనే వెనక్కి వచ్చేశాను.

రాగానే ఫోన్ చేసి తిట్టవలసింది. నోరు రాలేదు. బుద్ధి తెచ్చుకుని మీరే ఒక ఉత్తరం రాస్తారని చూశాను. రాశారు. తాడు తెగిందని రాశారు.

బావగారూ, బరువు పరీక్షలో మనుషుల్ని ఎక్కించకూడదని మా నాన్నకి వేలు చూపించి చెప్పింది మీరు. తాడు తెగితే పోయేది ఇసుకే కావాలన్నది మీరు. ఆ మాట మీద మా అక్క మిమ్మల్ని చేసుకుంది. మీరు బరువు వేసిన రోజు ఆ లిఫ్టులో నేనున్నాను. నాలుగు గంటలు ఉన్నాను.

మీకు చాలామంది స్నేహితులు దొరికారు. మీ ఆయుష్షుకి ఢోకా లేదు. ఇక మీదట నాకు ఉత్తరాలు రాయకండి.

దుకాణం యజమానురాలు

*

మూడో అంతస్తు

కత్తెరా,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. నీ ఉత్తరం తలుపు దగ్గర నిలబడే చదివాను, తరవాత అక్కడే కూర్చుండిపోయాను. లేవడానికి చాలాసేపు పట్టింది. ఈసారి నిజంగానే లేవలేకపోయాను, చూడటానికి ఎవరూ లేరు.

ఆ సాయంత్రం పళ్ళ డాక్టరు చదరంగం పెట్టె పట్టుకుని దిగాడు. దాచుకోలేక మొత్తం చెప్పేశాను, రోగం నాటకమని, నువ్వు వచ్చి వెళ్ళావని. ఆయన బల్ల మీద పేర్చిన పావుల్ని ఒక్కొక్కటే తీసి పెట్టెలో పెట్టుకున్నాడు. "ఆ నాలుగు రోజులూ నాకు నిద్ర లేదండీ" అన్నాడు. పైకి వెళ్ళిపోయాడు. కాసేపటికి నెత్తి మీద కుర్చీ ఈడ్చిన చప్పుడు వినిపించింది. గుడ్డలు తీసేశాడు.

నీ మీద గెలిచినట్టు రాసిన ఆ ఉత్తరం రాసేటప్పుడు నాకు చాలా కోపంగా ఉంది. ఎందుకో తెలుసా? మిగతావాళ్ళు వస్తారా రారా అని సరదాగా చూశాను. నీకోసం మాత్రం రోజూ మధ్యాహ్నం బస్సు వచ్చే వేళకి చొక్కా మార్చుకుని పడుకున్నాను. నువ్వు వచ్చిన రోజు ఆటలో పడి మరిచిపోయాను. బనీనుతో దొరికాను.

తిట్టు. నీకు తిట్లకి కొదవా? ఒక కార్డు మీద తిట్టు చాలు.

నీ బావ

*

మూడో అంతస్తు
వానలు వెనకబట్టాయి

కత్తెరా,

ఇది ఎన్నో ఉత్తరమో నీకూ తెలుసు. తపాలా ఆయన నన్ను వీధి మలుపులోంచే చూసి తల అడ్డంగా ఊపడం అలవాటు చేసుకున్నాడు. దగ్గరికి వచ్చి చెప్పే శ్రమ తప్పింది ఆయనకి.

నిన్న నాలుగో అంతస్తుకి వెళ్ళాను. ఇంకో అంతస్తు మెట్లెక్కే ఊపిరి లేక, తిట్టుకుంటూ లిఫ్టెక్కాను. తలుపులు నేను చెప్పినట్టే ఘోరంగా మూసుకున్నాయి. పళ్ళ డాక్టరు తలుపు తీశాడు. "నోరు తెరవండి" అన్నాడు. తెరిచాను. "ఆ వెనక పన్ను తీసెయ్యాలి. నా పాత మిత్రుడి ఆసుపత్రి ఉంది, రండి, నేనే తీస్తాను. మత్తు కొంచెం తక్కువ ఇస్తాను" అన్నాడు. సరేనన్నాను. తీశాడు. మాట నిలబెట్టుకున్నాడు, మత్తు తక్కువే ఇచ్చాడు. ఇప్పుడు మళ్ళీ ఆడుతున్నాం. ఏనుగుని జరిపినా నేను నోరు మెదపడం లేదు, మెదిపితే నొప్పి.

ఆయనకి ఒక పన్ను ఇచ్చి సరిపెట్టుకున్నాను. నీకేమివ్వాలో తెలియడం లేదు.

ఆ వరండా పత్రికవాళ్ళకి ఒక ఉత్తరం రాద్దామనుకుంటున్నాను. ఎక్కువ కాలం బతకడానికి మనుషులు కావాలని రాశారు గానీ, వరస తిరగబడింది. మీ అక్క పోయాక రేపు ఎందుకు లేవాలో నాకు తెలిసేది కాదు. నీ ఉత్తరం రావలసిన వారం మాత్రం పెందలాడే లేచి గడ్డం గీసుకునేవాణ్ణి. ఉత్తరంలో ఉండేవి తిట్లేనని తెలిసీ గీసుకునేవాణ్ణి. ఇప్పుడు గడ్డం పెరిగింది. బాగాలేదు.

నీ బావ

*

మీ వీధి
నీ దుకాణానికి ఎదురుగా, టీ కొట్టు బెంచీ

కత్తెరా,

తల ఎత్తకు. సూది గుచ్చుకుంటుంది.

నువ్వు ఆ రోజు నన్ను ఎలా చూశావో, ఇవాళ పొద్దుటినుంచీ నిన్ను అలా చూస్తున్నాను. కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. నోటి నిండా గుండుసూదులు. ఒక పెద్దమనిషి స్టూలు మీద నిలబడి ఉన్నాడు, నువ్వు ఆయన కాలి దగ్గర కూర్చుని సుద్దతో గీతలు గీస్తున్నావు. ఇందాక లేచేటప్పుడు మోకాలు పట్టుకుని లేచావు. మోకాలు సంగతి నాకు ఎప్పుడూ రాయలేదు. నేనూ అడగలేదు. నా ఉత్తరాల నిండా నా గుండే, నా ఆయుష్షే.

ఆ గోడ పట్టుకుని నిలబడటం ఎంత కష్టమో ఇప్పుడు తెలుస్తోంది. ఇక్కడ గోడ కూడా లేదు, ఈ బెంచీయే గతి. టీ కొట్టాయన నన్ను గుర్తుపట్టాడు. "ఆవిడని ఏడిపించిన బావగారు మీరేనా?" అన్నాడు. అవునన్నాను. చల్లారిన టీ ఇచ్చి పూర్తి డబ్బులు తీసుకున్నాడు. నీ పక్షం మనిషే.

తలుపు తోసుకుని వచ్చే ముఖం లేదు. నువ్వు రమ్మంటే వస్తాను. వద్దంటే సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతాను. మళ్ళీ ఇలా వచ్చి కూర్చుంటాను, అది వేరే సంగతి. ఈ కాగితం టీ కొట్టాయన తెస్తున్నాడు. ఆయన్ని కసరకు.

నీ బావ

*

కుట్టు దుకాణం, నేల మీద నుంచి

బావా,

నోట్లో సూదులున్నాయి కాబట్టి బతికిపోయావు. లేకపోతే వీధిలోకి వచ్చి తిట్టేదాన్ని, నలుగురూ వినేవాళ్ళు.

పొద్దున నువ్వు బస్సు దిగి వీధిలోకి తిరగ్గానే చూశాను. నీ నడక నాకు తెలియదా, ప్రతి మెట్టునీ గుమ్మాన్నీ అనుమానిస్తూ నడుస్తావు. చిక్కిపోయావు. ఆ చొక్కా ఇద్దరు మనుషులకి సరిపోయేటట్టుంది. ఆ గడ్డంతో నిన్ను ఎవరైనా లోపలికి రానిస్తారా? ఎంతసేపు కూర్చుంటావో చూద్దామనుకున్నాను. పరీక్షలు పెట్టడం నీకొక్కడికే వచ్చా?

స్టూలు మీద ఉన్నాయన ఆ రోజు సూదులతో వీధిన పడ్డ పెద్దమనిషే. ఇన్నాళ్ళకి కోపం తగ్గి వచ్చాడు. నీ ఉత్తరం తనకీ చూపించమన్నాడు, ఇచ్చాను. నిన్ను ఎండలో ఇంకాసేపు ఉంచమంటున్నాడు. నాకూ అదే ఉంది. కానీ ఒక కాలు పూర్తయింది, రెండో కాలికి వంగాలంటే నా మోకాలు ఒప్పుకోవడం లేదు. సుద్ద గీత పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. గీత నిటారుగా ఉందో లేదో చూడటం నీకు బాగా వచ్చు.

కోపం పోయిందనుకోకు. చాలా ఉంది, సంవత్సరాలకి సరిపోతుంది. అంతకాలం తిట్టించుకోవడానికి నువ్వు ఉండాలి. అందుకని ఒంటి సంగతి చూసుకో.

టీ కొట్టాయన తలుపు దగ్గర నిలబడి తొందర పెడుతున్నాడు, పొయ్యి మీద పాలు ఉన్నాయట. కాగితం ఆయనతోనే పంపుతున్నాను. కింద రెండు లైన్లు వదిలాను. అవి నీవి.

కత్తెర

కత్తెరా, నీ దుకాణం మెట్లకి పట్టుకోవడానికి కమ్మీ లేదు, రెండో మెట్టు ఇక్కణ్ణుంచే ఊగుతూ కనిపిస్తోంది.
వచ్చేస్తున్నాను.